వాన ఉన్నంతసేపే ఇంగ్లీషు

ఆ ఏడు మేము వాన పడినప్పుడే ఇంగ్లీషు నేర్చుకునేవాళ్లం. వాన లేకపోతే పాఠం లేదు.

మాది రేకుల ఇల్లు. మధ్యాహ్నం వాన పట్టుకుందంటే ఇంట్లో ఎంత గట్టిగా మాట్లాడినా వీధిలోకి వినపడేది కాదు. కియాత్ మాస్టారు అలాంటి వాన కోసమే కాచుకుని ఉండేవారు. ఆయన ఒకప్పుడు బ్యాంకులో గుమాస్తా, ఇప్పుడు సైకిళ్లకు పంక్చర్లు వేస్తున్నారు. నాలుగు చినుకులు రాలగానే పంక్చర్ల పెట్టె చంకన పెట్టుకుని, తడుస్తూ మా వంటింట్లోకి వచ్చేవారు. అప్పటికే నేనూ, పక్కింటి మాలిస్, ఆమె అన్న రిత్ చాప మీద కూర్చుని ఉండేవాళ్లం. మా మధ్యలో తలకిందులుగా ఒక సైకిలు. ఎవరైనా వస్తే అక్కడ జరుగుతున్నది పాఠం కాదు, పంక్చరు.

చదువుకున్నవాళ్లని వెతికి చంపిన నల్లబట్టల వాళ్ల పాలన పోయి అప్పటికి ఆరేళ్లు. మా నాంపెన్ బళ్లలో వియత్నాం భాష, రష్యన్ భాష నేర్పేవారు. ఇంగ్లీషు మాత్రం శత్రువుల భాష. నేర్చుకుంటూ దొరికితే, ఎవరితో కలిసి పారిపోదామనుకున్నావని అడుగుతారు. ఏం చెప్పినా నమ్మరు. మా వీధి చివర ఉండే దర్జీ అలా వెళ్లి ఏడాది దాటింది. ఆయన కుట్టుమిషను కింద ఆయన భార్య కోడిని పొదగేసుకుంది.

మరి నాకెందుకు ఆ తద్దినం అంటే, విదేశీ సాయంతో ఒక ఆసుపత్రి తెరిచారు. దొర డాక్టర్లతో నాలుగు ముక్కలు మాట్లాడగలిగిన ఆయాలు కావాలట, ఆ ముక్కలు ఎక్కడ నేర్చుకున్నావని మాత్రం అడగరట. ఈ సంగతి ఊరంతా చెవులు కొరుక్కునేది. నాకు పంతొమ్మిదేళ్లు. ధైర్యం ఉండి కాదు, నేను పుట్టుపిరికిదాన్ని. బియ్యం కార్డు మీద ముద్ర వేయించుకోవడానికి వెళ్లినా నా అరచేతులు తడిసిపోయేవి. కాకపోతే నూడుల్స్ కుండలు మోస్తూ అమ్మలా ముసలిదాన్ని కావడమంటే నాకు ఇంకా భయం.

అమ్మ బియ్యపు నూడుల్స్, చేపల పులుసు అమ్మేది. పాఠం జరిగినంతసేపూ వీధి గుమ్మంలో కూర్చుని రోట్లో నిమ్మగడ్డి, పచ్చి పసుపు దంచేది. రోకలి చప్పుడు ఆగితే ఎవరో వస్తున్నారని మాకు గుర్తు. చప్పుడు ఆగగానే మాస్టారు ట్యూబు చేతిలోకి తీసుకునేవారు.

మాస్టారు వ్యాకరణం చెప్పలేదు. మనుషులు రోజూ మాట్లాడుకునే మాటలే చెప్పారు. హౌ ఆర్ యూ. ఫైన్, థాంక్యూ, అండ్ యూ? లవ్లీ వెదర్, ఈజింట్ ఇట్? నెవర్ మైండ్. టేక్ యువర్ టైమ్. ఆయన చక్రం మీద పానాతో టక్కున కొట్టి ఒక ప్రశ్న అడిగేవారు. ఆ చప్పుడు ఆగేలోపు జవాబు రావాలి. ఆలోచించి చెబితే అది పరీక్ష అవుతుంది గానీ మాట అవదని ఆయన అనేవారు. నిద్రలో లేపి అడిగినా నోరు తనంతట తనే పలకాలి. నెల తిరిగేసరికి మా నోరు అలాగే పలకసాగింది.

అమ్మకి ఇదంతా వేళాకోళంగా ఉండేది. వాన వెలిశాక కుండలు కడుగుతూ దెప్పేది. "ఎలా ఉన్నావని అడగడం, బాగున్నానని చెప్పించుకోవడం. దీనికింత చదువా? అన్నం తిన్నావా అని అడగడం రాదా ఆ దొరలకి?" నేను నవ్వి ఊరుకునేదాన్ని. అమ్మ వింటోందని నాకు తెలుసు. ఎంత వింటోందో మాత్రం తెలియదు.

పాఠాలన్నిటిలో నన్ను హడలగొట్టేది ఒక్కటే, వాన టక్కున ఆగిపోవడం. ఒకసారి రిత్ "టేక్ యువర్" అంటుండగా వాన కోసేసినట్టు ఆగింది. ఆ రెండు మాటలూ వంటింట్లోంచి వీధిలోకి వెళ్లిపోయాయనిపించింది. నలుగురం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. అవతల ఎవరిదో బాతు అరిచింది. మరేం జరగలేదు. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం సువాన్ సారు వచ్చాడు. ఆయన మా వార్డు భద్రతాధికారి. నలభై ఏళ్ల మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు. అందుకే ఆయనంటే అందరికీ దడ. ఆయన వీధి గుమ్మంలోంచి రాలేదు, పెరటి వైపు నుంచి వచ్చాడు. మమ్మల్ని ఏ వాన దాచిపెట్టిందో ఆ వానే ఆయన అడుగుల చప్పుణ్ణీ దాచిపెట్టింది. మేము తలెత్తేసరికి పెరటి గుమ్మంలో నీళ్లు కారుతూ నిలబడి ఉన్నాడు.

మాస్టారి చేతిలో అదృష్టం కొద్దీ ట్యూబు ఉంది. ఇంతమంది ఏమిటని సువాన్ సారు అడిగాడు. పంక్చరని మాస్టారు చెప్పారు. ఒక సైకిలుకి ముగ్గురా అన్నాడాయన. వాన కదండీ, ఎక్కడికి వెళతారని మాస్టారు అన్నారు. అమ్మ లోపలికి వచ్చి ఆయనకి పొడి కండువా, మంచినీళ్లు ఇచ్చింది. ఆయన చాప మీద మా పక్కనే కూర్చుని తల తుడుచుకున్నాడు. ఈ వానలకి వరి బాగా వస్తుందన్నాడు. ఆసుపత్రిలో ఆయా పనికి దరఖాస్తు పెట్టావటగా అని నన్ను అడిగాడు. అవునన్నాను. మంచిదన్నాడు. గ్లాసు కింద పెడుతూ, తల తిప్పకుండానే, చల్లగా అన్నాడు.

"హౌ ఆర్ యూ?"

నా నోరు తెరుచుకుంది. అది నా ప్రమేయం లేకుండానే తెరుచుకుంది. నాలుక కూడా లేచింది.

"ఫైన్, థాంక్యూ, అండ్ యూ?" అంది అమ్మ.

బజారులో గిరాకీతో మాట్లాడేటప్పుడు ఎలా అంటుందో అలాగే అంది. సువాన్ సారు ఆమె వైపు తిరిగాడు. చాలాసేపు చూశాడు. నేను నోరు మూసుకున్నాను. మూసుకున్నట్టు నాకు తెలిసేసరికి పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి.

ఇక్కడ ఒక్క సంగతి చెప్పాలి. మా నాన్న పోయింది ఇలాంటి ప్రశ్నకే. నల్లబట్టల వాళ్ల కాలంలో, కాలువ తవ్వే చోట వాళ్లలో ఒకడు నవ్వుతూ వచ్చి, సిగరెట్టు ఉందా అని ఫ్రెంచిలో అడిగాడట. లేదండీ అని నాన్న ఫ్రెంచిలోనే జవాబిచ్చాడు. చదువుకున్నవాడని వాళ్లకి తెలియడానికి అది చాలింది. అప్పుడు అమ్మ పక్కనే మట్టి తట్ట మోస్తోంది. అలాంటి మనిషి పొరపాటున నోరు జారుతుందంటే నేను నమ్మను.

ఎక్కడ నేర్చుకున్నావని సువాన్ సారు అడిగాడు. యుద్ధానికి ముందు దొరల హోటలు దగ్గర నూడుల్స్ అమ్మేదాన్నని, అక్కడ నాలుగు ముక్కలు పట్టుబడ్డాయని అమ్మ చెప్పింది. "ఈ పిల్లలకి ఏం తెలుసు బాబూ, వాళ్లు అప్పటికి పాలు తాగుతున్నారు." ఆయన లేచి, పదండి పెద్దమ్మా అన్నాడు. అమ్మ కండువా భుజాన వేసుకుంది. గుమ్మం దగ్గర ఆగి నాతో అంది.

"పులుసు అడుగంటుతోంది, దించు."

దించాను. అంతకుమించి నేను చేసిందేమీ లేదు. నేను నేర్చుకున్నానని చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. ఆ సిగ్గు నాకు ఈనాటికీ ఉంది.

మాస్టారు సాయంత్రంలోగా ఊరు వదిలి వెళ్లిపోయారు. వెళ్లేముందు మేము చేత్తో రాసుకున్న కాగితాలన్నీ పొయ్యిలో వేయించారు. మాలిస్ వాళ్లు మా ఇంటి వైపు తలుపు మూసేసుకున్నారు. వాళ్లని తప్పు పట్టను. నేనైనా అదే చేసేదాన్ని.

వార్డు ఆఫీసు ఒక పాత బంగళాలో ఉండేది. అమ్మని ఆ బంగళా కారు షెడ్డులో పెట్టారు. రోజూ మధ్యాహ్నం అన్నం ఇవ్వడానికి నన్ను రానిచ్చేవారు. కుంటి కాపలావాడు ఒకడు అన్నాన్ని పుల్లతో కెలికి చూసి, మా ఇద్దరికీ మూడు బారల దూరంలో నిలబడేవాడు. వెదురు తడికెకి అటు అమ్మ, ఇటు నేను. మొదటి రోజు కొట్టారా అని కళ్లతోనే అడిగాను. లేదని తల ఊపింది. పులుసులో ఉప్పు తగ్గిందని పైకి గట్టిగా అంది.

నాలుగో రోజు వాన దంచి కొట్టింది. షెడ్డుకీ రేకుల కప్పే. అమ్మ తడికెకి ఆనుకుని నా చెవిలో చెప్పింది. మధ్యాహ్నం వాన పడగానే సువాన్ సారు తన గది తలుపు వేయించి అమ్మని కూర్చోబెడుతున్నాడట. హౌ ఆర్ యూ తర్వాత ఏమనాలి అని అడుగుతున్నాడట. పితరుల పండుగకి పగోడాకి, ఆసుపత్రికి సాయమిచ్చే వాళ్ల తరఫున విదేశీ దొరసాని వస్తోంది, మంత్రిత్వ శాఖ వాళ్లూ వస్తున్నారు. దుబాసీ అవసరం లేకుండా పది మాటలు తనే మాట్లాడితే పెద్దవాళ్ల కళ్లలో పడి పెద్దాఫీసుకి వెళ్లొచ్చని ఆయన ఆశ.

"నన్ను పట్టుకున్నవాడే తలుపు మూసుకుని నేర్చుకుంటున్నాడు. ఆయనకీ భయమే. కిటికీ వైపు చూస్తూనే ఉంటాడు."

"వదిలేస్తానన్నాడా అమ్మా?"

"బల్ల మీద కాగితం పెట్టుకున్నాడు. నా పేరు రాసి ఉంది, కింద సంతకం లేదు. సంతకం పెడితే పెద్ద జైలుకి పంపిస్తారు. రోజూ దాని మీద కలం పెట్టి, ఆ తర్వాత ఏమిటి పెద్దమ్మా అంటాడు. రోజుకొక్కటే చెబుతున్నాను. నా దగ్గర ఇంకా ఏడే ఉన్నాయి."

ఆ రోజు నుంచి నా పని అదే అయింది. వానలో మాటలు మోసుకెళ్లడం. కాగితాలు బూడిదయ్యాయి కాబట్టి గుర్తున్నవే దిక్కు. ఇల్లు ఊడుస్తూ, నీళ్లు తోడుతూ పెదవులు కదపకుండా లోపలే వల్లె వేసుకునేదాన్ని. తెల్లారి లేచేసరికి ఒక మాట గుర్తుకు రాకపోతే మొదటి నుంచి అన్నీ మళ్లీ వల్లె వేసేదాన్ని. వాన పెద్దదైన రోజు మూడు మాటలు అమ్మ చెవిన వేసేదాన్ని, అర్థంతో సహా. సన్న వాన అయితే ఒకటే. వాన లేని రోజు ఇద్దరం చేపల ధరలు మాట్లాడుకునేవాళ్లం. కాపలావాడు వింటూ ఉండేవాడు. ఒక్క పరాయి మాట వాడి చెవిన పడితే ఇద్దరం లోపలే.

నేను పొద్దున్నే లేచి ముందు ఆకాశం వంక చూసేదాన్ని. నూడుల్స్ అమ్ముతూ పైకే చూసేదాన్ని. కొనేవాళ్లు నన్ను చూసి పిచ్చి పట్టిందనుకున్నారు. తల్లి లోపల ఉంటే పట్టదా అని ఒకావిడ జాలిపడింది.

సెప్టెంబరులో వాన మొహం చాటేసింది. అది కురవాల్సిన నెల. కానీ ఆ ఏడు పది రోజులు చుక్క రాలలేదు. నారు ఎండుతోందని రైతులు ఏడుస్తుంటే, నేను వేరే ఏడుపు ఏడ్చాను. రోజూ అన్నం తీసుకెళ్లి తడికె దగ్గర నిలబడేదాన్ని. అమ్మ కళ్లలోకి చూసేదాన్ని. ఇంకా ఎన్ని ఉన్నాయి? అడగడానికి లేదు. అమ్మ వేళ్లు ముడిచి చూపించేది. మూడు. రెండు. ఒకటి. పండుగ దగ్గరపడుతోందని, వాన లేకపోయినా సువాన్ సారు పాఠం ఆపలేదన్నమాట. ఆ తర్వాత రోజు వేళ్లు చూపించలేదు. పులుసు బాగుందంది. నాకు ఏడుపు ఆగలేదు. కాపలావాడు అటు తిరిగి బీడీ ముట్టించుకున్నాడు.

పదకొండో రోజున గాలివాన వచ్చింది. పరుగెత్తుకుంటూ వెళ్లాను. అమ్మ పలచబడింది గానీ అక్కడే ఉంది. నాలుగు రోజులుగా సొంతంగా చెబుతున్నానంది.

"సొంతంగా అంటే?"

"అంటే ఏముంది, నోటికొచ్చింది. రోట్లో దంచుతూ విన్న ముక్కలు అటొకటి ఇటొకటి అతికించాను. 'ప్లీజ్ ది వెదర్ యువర్ డోర్ వెరీ లవ్లీ.' మా ఊరికి మీ రాక మా పుణ్యం అని దాని అర్థమని చెప్పాను. అది ఆయనకి బాగా నచ్చింది. గదిలో అటూ ఇటూ తిరుగుతూ బట్టీ పట్టాడు."

నాకు నవ్వు రాలేదు. ఆ మాట దొరసాని ముందు పడిన రోజు ఏమవుతుందో కళ్లకు కట్టింది. అది మార్చేయమని, నేను అసలైనది చెబుతానని చెవిలో గబగబా అన్నాను. అమ్మ తల అడ్డంగా ఊపింది. ఇప్పుడు మారిస్తే నిన్నటిది తప్పని ఆయనకి తెలుస్తుంది. తెలిసిన క్షణం సంతకం పడుతుంది. ఇక అది అలాగే ఉండాలి.

ప్చుమ్ బెన్ చివరి రోజుకి రెండు రోజుల ముందు అమ్మని వదిలారు. పితరులకు అన్నం పెట్టే పదిహేను రోజుల్లో చివరిది పెద్ద రోజు. సువాన్ సారు అమ్మని గేటు దాకా సాగనంపాడు. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుంటూ అన్నాడు.

"ఎల్లుండి పగోడాలో నేను మాట్లాడతాను. మీరు ముందు వరసలో కూర్చోండి పెద్దమ్మా. ఆ తర్వాత దీని సంగతి చూద్దాం."

ఆ రెండు రోజులూ మా ఇంట్లో పొయ్యి వెలిగింది గానీ ఎవరమూ తిన్నది లేదు. పారిపోదామన్నాను. ఎక్కడికి అంది అమ్మ. పితరులకి అరటాకుల్లో అన్నం, బెల్లం, కొబ్బరి పెట్టి పొట్లాలు కట్టింది. నాన్న పేరు మీద ఒకటి ఎక్కువ కట్టింది.

పండుగ నాడు పగోడా కిటకిటలాడింది. భిక్షువుల భోజనం వేళకి దొరసాని వచ్చింది. సన్నగా, ఎండకి కందిపోయిన మొహంతో, పెద్ద టోపీ పెట్టుకుని ఉంది. ఆమెకి అటూ ఇటూ మంత్రిత్వ శాఖ మనుషులు ఇద్దరు. మేము ముందు వరసలో మోకాళ్లు మడిచి కూర్చున్నాం. సువాన్ సారు ఇస్త్రీ చేసిన యూనిఫారంలో, నడుముకి పిస్తోలుతో ముందుకి వచ్చాడు. దుబాసీని చేత్తో ఆపాడు.

"హౌ ఆర్ యూ?"

దొరసాని ఆశ్చర్యపోయి నవ్వింది. ఫైన్ అంది. ఆయన లవ్లీ వెదర్ అన్నాడు. ఆమె అవునంది. మంత్రిత్వ శాఖ మనుషులు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. సువాన్ సారు గొంతు సవరించుకుని, ఛాతీ విరుచుకుని, గుడి అంతా వినపడేట్టు అన్నాడు.

"ప్లీజ్ ది వెదర్ యువర్ డోర్ వెరీ లవ్లీ."

అమ్మ చేయి పట్టుకుందామనుకున్నాను గానీ నా చేయి కదలలేదు.

దొరసాని నవ్వు మొహం మీదే ఉండిపోయింది, కళ్లు మాత్రం కదిలాయి. దుబాసీ వైపు చూసింది. ఆయన నేల చూపులు చూస్తున్నాడు. ఆమె కళ్లు పిస్తోలు మీదికి వెళ్లాయి, పక్కనున్న మనుషుల మీదికి వెళ్లాయి, మళ్లీ సువాన్ సారు మీదికి వచ్చాయి. తర్వాత ఆమె రెండు చేతులూ జోడించి తల వంచింది.

"థాంక్యూ. ఫైన్, థాంక్యూ. వెరీ లవ్లీ."

మంత్రిత్వ శాఖ మనిషి ఒకాయన సువాన్ సారు భుజం తట్టాడు. జనంలో ఎవరో శభాష్ అన్నారు. సువాన్ సారు మా వైపు తిరిగి, అమ్మకి మాత్రమే తెలిసేట్టు, కళ్లు ఒకసారి మూసి తెరిచాడు.

ఇంటికి వస్తుంటే దారిలో నాకు నవ్వు తన్నుకొచ్చింది. భయం దిగేటప్పుడు వచ్చే నవ్వు, ఎంత ఆపినా ఆగలేదు. దొరసాని ఒట్టి వెర్రిబాగులది, మనల్ని బతికించింది అన్నాను. అమ్మ ఖాళీ గిన్నె నెత్తి మీద సర్దుకుంటూ నడిచింది. కాసేపటికి అంది.

"వెర్రిది కాదే. చేతులు జోడించినప్పుడు చూడలేదా? వేళ్లు వణికాయి. ఒక్క ముక్క అర్థం కాలేదు పాపం. ఎదురుగా పిస్తోలు ఉంది, అడిగింది ఏమిటో తెలీదు, తప్పు చెబితే ఏమవుతుందో తెలీదు. బాగున్నానంది. నేనూ ఆ రోజు అదే కదా అన్నాను."

నా నవ్వు ఆగిపోయింది.

సువాన్ సారు ఆ నెలలోనే పెద్దాఫీసుకి మారాడు. ఆ కాగితం చించాడో, జేబులోనే తీసుకెళ్లాడో మాకు తెలియలేదు. వీధిలో జీపు ఆగితే చాలు, అమ్మ చేతిలో పని వదిలేసి లేచి నిలబడేది. తను చనిపోయేదాకా ఆ అలవాటు పోలేదు.

నాకు ఆసుపత్రిలో ఆయా పని దొరికింది, తర్వాత నర్సునయ్యాను. ఇరవై తొమ్మిదేళ్లు చేశాను. దొర డాక్టర్లు పొద్దున్నే వార్డులోకి వచ్చి మంచం మంచానికీ ఆగి, ఎలా ఉన్నారని అడిగేవారు. మా వాళ్లు పేగులు మెలిపెడుతున్నా బాగున్నామనే చెప్పేవారు. డాక్టర్లు సరేనని పక్క మంచానికి వెళ్లబోయేవారు. అప్పుడు నేను అడ్డం నిలబడి ఆగమనేదాన్ని. దుప్పటి తొలగించి, ముందు ఆ మనిషి చేతులు చూపించేదాన్ని.